యంత్రము – కావలివాఁడు

(నంద్యాలలోను, పిదప ఆళ్లగడ్డలోను జరిగిన సభలలో చేసిన ఉపన్యాసము)



"యంత్రము వచ్చినది గావున మనిషికి పని తగ్గినది" అనుమాట నేఁడు ప్రతి కార్యాలయములోను వినఁబడుచున్నది. బ్యాంకులో వినఁబడుచున్నది, రైల్వే స్టేషనులో వినఁబడుచున్నది, కోర్టు ఆవరణములో సైతము వినఁబడుచున్నది. ఈ మాట ఎంతవఱకు నిజమో తేల్చుకొనుటకై మేము ఈ దినమున ఒక్క వృత్తిని మాత్రమే ఎత్తికొనుచున్నాము. అది ఆకాశములోని విమానములకు దారి చూపు వృత్తి. దానిని చేయువారిని ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లందురు. మనము విమాననియంత్రకులందము. వారి పొరపాటు కాగితముమీఁద దిద్దుకొనఁదగినది కాదు. దిద్దుకొనుటకు వారికి నిమిషమైనను చిక్కకపోవచ్చును. కావుననే, యంత్రము మనిషి బరువును దించుచున్నదా, లేక కావడిని ఒక భుజమునుండి మఱియొక భుజమునకు మార్చుచున్నదా అను ప్రశ్నకు ఈ వృత్తిలో దొరకినంత స్పష్టమైన ప్రత్యుత్తరము వేఱొకచోట దొరకుట కష్టము.

నంద్యాలవారికిని ఆళ్లగడ్డవారికిని ఆకాశపు గొడవ ఏల యని ఎవరైన అడుగవచ్చును. నంద్యాలనుండి కర్నూలునకు పోవు రాజమార్గముమీఁదనే ఓర్వకల్లు విమానాశ్రయమున్నది. దానిని 2021 మార్చి 25వ తేదీన ప్రారంభించిరి. 28వ తేదీనుండి ప్రయాణికుల విమానములు నడువసాగినవి. దానికి పెట్టిన పేరు ఉయ్యాలవాడ నరసింహారెడ్డిగారిది. ఆయన మన సీమవాఁడు. ఉయ్యాలవాడ ఆళ్లగడ్డ నియోజకవర్గములోని గ్రామమే. 1847లో కంపెనీవారు ఆ వీరుని కోవెలకుంట్లలో ఉరిఁదీసిరి. ఆయన పేరు మోయు విమానాశ్రయములో దిగు మన బిడ్డల ప్రాణములు ఎవరి చేతిలో నున్నవో, ఆ చేతులమీఁద ఎంత బరువున్నదో తెలిసికొనుట మన హక్కు. మన పిల్లలలో ఎవరైన రేపు ఆ కుర్చీలోనే కూర్చుండవచ్చును. కావున అది మన విధియును.

ఆ కుర్చీలో జరుగు పని

నియంత్రకుల పని మూఁడు చోట్ల జరుగును. విమానాశ్రయపు గోపురములో కూర్చున్నవారు రన్‌వేమీఁది రాకపోకలను చూతురు. అప్రోచ్ విభాగమువారు దిగుచున్న విమానములను, ఎగయుచున్న విమానములను వరుసలోఁ బెట్టుదురు. ఏరియా కంట్రోలువారు మిక్కిలి ఎత్తునఁ బోవు విమానముల దారులను కాతురు. స్త్రీలును పురుషులును ఈ పనిని రాత్రింబవళ్లు వంతులవారీగా చేయుచున్నారు.

యంత్రములు తక్కువగానున్న కాలములో ఒక్కొక్క విమానమునకు ఒక్కొక్క కాగితపు చీటీ వ్రాసి, వానిని పలకమీఁద వరుసగా పేర్చుకొనెడివారు. పైలటు రేడియోలో తానే చోటు దాఁటెనో, ఎంత ఎత్తున నున్నాఁడో, ముందటి చోటును ఎన్ని గంటలకు చేరునో చెప్పెడివాఁడు. నియంత్రకుఁడు దానిని చీటీపై గుర్తించుకొని, ఏ విమానమునకు ఏ విమానము అడ్డు వచ్చునో మనసులో లెక్కవేసికొనెడివాఁడు. ఆకాశపు చిత్రమంతయు మనిషి తలలోనే యుండెడిది. ఆ చిత్రము చెదరినచో విమానముల నడుమనుండు దూరమును చెదరును.

మేము యంత్రద్వేషులము కాము. తగిన యంత్రము లేకపోవుట ఎంతటి కీడో మన దేశమే చూచినది. 1996 నవంబరు 12వ తేదీ సాయంకాలము, హర్యానాలోని చర్ఖీదాద్రీవద్ద, ఢిల్లీనుండి ఎగసిన సౌదీ విమానమును ఢిల్లీలో దిగవచ్చుచున్న కజకస్థాను విమానమును ఆకాశములో ఢీకొనెను. 349 మంది మరణించిరి. ఒక్కరును బ్రదుకలేదు. నియంత్రకుఁడు సౌదీ విమానమును 14,000 అడుగులవద్దను, కజక విమానమును 15,000 అడుగులవద్దను నిలిపెను. కజక విమానము ఆ ఎత్తున నిలువక క్రిందికి దిగెను. నాఁడు ఢిల్లీలోని రాడారు విమానమెచ్చట నున్నదో చూపునదే గాని, ఎంత ఎత్తున నున్నదో చూపునది కాదు. ఎత్తు తెలియుటకు పైలటు నోటిమాటయే ఆధారము. ఆ మాట తప్పినదని కనిపెట్టు సాధనము నియంత్రకుని యెదుట లేదు.

న్యాయమూర్తి లాహోటీగారి ఆధ్వర్యమున దీనిపై విచారణ జరిగెను. పిదప ఎత్తును చూపు రాడారు వచ్చెను. ఢీకొను ప్రమాదమును పైలటునకే నేరుగా చెప్పు యంత్రము విమానములలో నిర్బంధమయ్యెను. వచ్చు దారియు పోవు దారియు వేఱుచేయఁబడెను. ఈ మార్పులన్నియు మంచివే. వీనిని వలదనువాఁడు ఆ 349 మందిని మఱచినవాఁడు.

చేతిపని తగ్గెను, కంటిపని పెరిగెను

నేఁటి పెద్ద కేంద్రములలో నియంత్రకుని యెదుటి తెరమీఁద ప్రతి విమానమును తన పేరు, ఎత్తు, వేగము తానే చెప్పుకొనుచు కదలును. ఉపగ్రహముల సాయమున తన చోటు తెలిసికొన్న విమానము క్షణక్షణమును ఆ వార్తను చుట్టును ప్రసారము చేయును. కాగితపు చీటీకి బదులు తెరమీఁది చీటీ వచ్చినది. మహాసముద్రముమీఁద పోవు విమానములతో మాటకు బదులు వ్రాతసందేశములు నడచుచున్నవి. రెండు విమానములు దగ్గఱ పడనున్నచో యంత్రమే ముందుగా హెచ్చరించును. మన ఇస్రోయును ఎయిర్‌పోర్ట్స్ అథారిటీయును కలిసి నెలకొల్పిన గగన్ అను ఉపగ్రహవ్యవస్థ, విమానములు దిగుటకు దారి చూపఁదగినదని 2015లో యోగ్యతాపత్రమును పొందెను. ఇది మనము గర్వింపఁదగిన విషయము.

ఇంతవఱకు జమ. ఇఁక ఖర్చు వ్రాయుదము. చేతిపని తగ్గఁగా మిగిలిన కాలము నియంత్రకునకు విశ్రాంతిగా చిక్కినదా? చిక్కలేదు. హెచ్చిన విమానములు దానిని మింగినవి. 2003 నవంబరులో మన ఆకాశమున 29,000 అడుగులకుఁ బైన పోవు విమానముల నడుమ నిలువుదూరమును 2,000 అడుగులనుండి 1,000 అడుగులకు తగ్గించిరి. విమానములలోని ఎత్తుకొలుచు సాధనములు కచ్చితమైనవి గనుకనే ఇది సాధ్యమయ్యెను. దానిచే ఇంధనము మిగిలెను, దారులు హెచ్చెను. అయినను అదే ఆకాశములో అంతస్తులు పెరిగినవి. ఆ అంతస్తులన్నియు చూచుకొనుట మనిషికే వచ్చినది. ఒక్కొక్క విమానమునకు పట్టు శ్రమ తగ్గినను, విమానముల సంఖ్య హెచ్చుటచే మొత్తము బరువు దిగలేదు. బావిలో నీరు హెచ్చినదని మఱి రెండెకరములు సాగుచేసిన రైతునకు కాడి బరువు తగ్గునా?

బరువు దిగకపోవుటయే కాదు, దాని స్వభావమును మాఱినది. చేయుపని వేఱు, కాచుపని వేఱు. రెండవ ప్రపంచయుద్ధములో రాడారు తెరలను చూచువారు కొంతసేపైన పిదప, కన్నులయెదుటనే యున్న గుర్తులను కనుఁగొనలేకపోవుచుండిరి. దీనికి కారణమేమో తెలిసికొనుటకు నార్మన్ మాక్‌వర్త్ అను బ్రిటిష్ శాస్త్రజ్ఞుఁడు పరీక్షలు చేసెను. గడియారపు ముల్లువంటి ముల్లొకటి అంచెలంచెలుగా తిరుగుచుండును, ఎప్పుడో ఒకప్పుడు రెండంచెలు ఒక్కసారి గెంతును, గెంతినప్పుడు చెప్పవలెను. పని ఇంతియే. అయినను అరగంట గడచునప్పటికి మనుష్యుల జాగరూకత స్పష్టముగా తగ్గుచున్నదని అతఁడు 1948లో ప్రకటించెను.

మన పల్లెలలో ఇది తెలిసికొనుటకు శాస్త్రజ్ఞుఁడక్కఱలేదు. జొన్నచేని మంచెపై ఒడిసెల త్రిప్పుచు పిట్టలఁ దోలువాఁడు నిద్రపోఁడు. పిట్టలు రాని మధ్యాహ్నమున అదే మంచెపై అతని కన్ను మూఁతపడును. నేఁటి యంత్రము నియంత్రకుని చేతినుండి ఒడిసెలను తీసికొని, "పిట్టలను నేను తోలెదను, నేను తోలుచున్నానో లేదో నీవు చూచుచుండుము" అనుచున్నది. చూచువారికి ఇది తేలికపనిగాఁ దోఁచును. చేతులు కట్టుకొని, ఏమియు జరుగని తెరను, ఏ క్షణమున ఏమి జరుగునో యని చూచుట అన్ని పనులలోను అలసట కలిగించు పని. అక్కఱలేనప్పుడు సైతము యంత్రము మాటిమాటికి మ్రోగుచుండినచో "నాన్నా, పులి!" కథ మనకు తెలిసినదే. నిజముగ పులి వచ్చిననాఁడు ఆ మ్రోఁత చెవికెక్కదు.

యంత్రము పని మానిననాఁడు

2025 నవంబరు 6, 7 తేదీలలో ఢిల్లీలో ఏమి జరిగినదో చూడుఁడు. విమానముల ప్రయాణప్రణాళికలను నియంత్రకులకు చేరవేయు సందేశవ్యవస్థ పాడయ్యెను. తమంత తాము తెరమీఁదకు రావలసిన వివరములను నియంత్రకులు ఒక్కొక్కటిగా చేతితో ఎక్కించుకొనవలసివచ్చెను. 800లకు మించిన విమానములు ఆలసించెను. ప్రమాదమేదియు జరుగలేదు. అందుకు కారణము అలసటను దిగమ్రింగి విమానములను ఆపి ఆపి పంపిన నియంత్రకులే. ఢిల్లీ, ముంబయి యంత్రవ్యవస్థలు మందగించుచున్నవని నియంత్రకుల సంఘము అంతకు కొన్ని నెలల ముందే మొఱపెట్టియుండెను. ఆ సంవత్సరము ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘమును తన నివేదికలో నియంత్రకుల కొఱతను, అలసటను ఎత్తిచూపియుండెను.

ఇది మన దేశమునకే కలిగిన తెగులు కాదు. 2023 ఆగస్టు 28వ తేదీన బ్రిటనులో ఒక్క విమానపు ప్రణాళికచే దేశపు రాకపోకలన్నియు తాఱుమాఱయ్యెను. అది లాస్ ఏంజలిస్‌నుండి పారిస్‌కు పోవు విమానము. దాని దారిలో, ఒకటి అమెరికాలోను ఒకటి ఫ్రాన్సులోను నున్న రెండు చోట్లకు ఒకే సంకేతాక్షరములుండెను. యంత్రము దీనిని విడమఱచుకొనలేక పని మానుకొనెను. దానికి తోడుగా నుంచిన రెండవ యంత్రమును అదే ప్రణాళికను అదే రీతిని చదివి పని మానుకొనెను. ఇదంతయు 20 సెకండ్లలో ముగిసెను. గంటకు 400 ప్రణాళికలవఱకు చదువఁగల యంత్రము పోఁగా, మనుష్యులు గంటకు 60 మాత్రమే చదువఁగలిగిరి. 7 లక్షలకు పైఁబడిన ప్రయాణికులు చిక్కులపాలైరి.

2025 ఏప్రిల్ 28వ తేదీన అమెరికాలో నెవార్క్ విమానాశ్రయమునకు వచ్చు విమానములను చూచు నియంత్రకులకు సుమారు 90 సెకండ్లపాటు తెరయు కనఁబడలేదు, రేడియోయు పలుకలేదు. ఆకాశములో విమానములున్నవి, వానితో మాటలాడుటకు దారి లేదు. ఆ క్షణముల తాఁకిడికి నియంత్రకులలో కొందఱు సెలవు పెట్టవలసివచ్చెను. తొంబది సెకండ్ల బరువు ఎంత యుండునో మనము ఊహించుకొనవచ్చును.

ఈ మూఁడు దృష్టాంతములలో నున్నది ఒకే పాఠము. లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ అను విదుషి 1983లోనే దీనిని చెప్పెను. సులభమైన పనులను యంత్రమునకిచ్చి, యంత్రమునకు చేతఁగాని కష్టమైన పనిని మనిషికి మిగుల్చుచున్నాము. అదియు ఆ పనికి వలయు నిత్యాభ్యాసమును అతనినుండి తీసివేసిన పిదప.

ఇందుకు మేము ఆళ్లగడ్డ శిల్పులను సాక్ష్యమునకు పిలుచుచున్నాము. రాయిని కోయు కరెంటు మరలు వచ్చినవి. మంచిదే. దినములు పట్టు పని గంటలలో తీఱుచున్నది. శిల్పి నడుమునకు నొప్పి తగ్గినది. కాని ఉలి పట్టుట మానిన చేతికి, కరెంటు పోయిననాఁడు ఉలినిచ్చి, "ఈ విగ్రహమునకు కన్ను దిద్దుము, గడియలో కావలెను" అన్నచో ఆ చేయి వణఁకకుండునా? రాయి పాడైనచో మఱియొక రాయి తెచ్చుకొనవచ్చును. ఆకాశమున నున్నవారి విషయములో ఆ వెసులుబాటు లేదు.

నేరమెవరిది?

మేము న్యాయవాదవృత్తిలో నున్నవారము గావున ఈ భాగమును కొంత నొక్కి చెప్పవలసియున్నది. ప్రమాదము జరిగిన మఱునాఁడు తఱచుగా వినఁబడు మాట "మానవ తప్పిదము" అనునది. ఆ మాటతో విచారణ ముగిసినట్లు భావించుట అన్యాయము.

2002 జూలై 1వ తేదీ రాత్రి జర్మనీలోని ఉబర్‌లింగెన్ పట్టణమునకుఁ బైన, రష్యానుండి పిల్లలను తీసికొనిపోవుచున్న ప్రయాణికుల విమానమును సరకుల విమానమొకటియు ఢీకొని 71 మంది మరణించిరి. ఆ ఆకాశమును చూచుచున్నది స్విట్జర్లాండులోని జూరిచ్ కేంద్రము. ఆ రాత్రి అక్కడ ఒక్క నియంత్రకుఁడే రెండు స్థానముల పని చేయుచుండెను. రెండవవాఁడు విశ్రాంతికి పోయియుండెను. అది ఆ సంస్థ ఎఱిఁగియు సహించిన వాడుక. మరమ్మతుకై ప్రధానవ్యవస్థను నిలిపిరి. తెరమీఁది ముందుహెచ్చరిక పనిచేయలేదు. టెలిఫోను లైను పనిచేయలేదు. ప్రమాదమును కనిపెట్టిన జర్మనీ నియంత్రకులు ఫోను చేసినను అతనికి అందలేదు. చివరి నిమిషమున అతఁడొక విమానమును దిగుమనెను. అదే క్షణమున విమానములోని యంత్రము ఎక్కుమనెను. ఆ పైలట్లు మనిషి మాట నమ్మి దిగిరి. రెండవ విమానపు పైలట్లు తమ యంత్రపుమాట నమ్మి తామును దిగిరి.

భార్యను బిడ్డలను పోఁగొట్టుకొన్న ఒక తండ్రి 2004లో ఆ నియంత్రకుని ఇంటికి పోయి పొడిచి చంపెను. శోకము కంటికి కనఁబడిన మనిషిని పట్టుకొనును. కనఁబడని ఏర్పాటును పట్టుకొనలేదు. ఆ పని న్యాయస్థానము చేయవలెను. 2007లో స్విస్ న్యాయస్థానము ఆ సంస్థకు చెందిన ఎనిమిదిమందిని విచారించి నలుగురిని దోషులుగా తీర్చెను, నలుగురిని విడిచిపెట్టెను. కుర్చీలో కూర్చున్నవానిని దాఁటి, ఆ కుర్చీని ఆ స్థితిలోనుంచిన వారివఱకు చట్టము పోయినది. మన దేశములోను బాధ్యత ఈ దారినే వెదకవలెను. 1934నాఁటి విమానచట్టమునకు బదులు భారతీయ వాయుయాన అధినియమము 2025 జనవరి 1వ తేదీన అమలులోనికి వచ్చినది. కొత్త చట్టము క్రింద నియమములు వ్రాయువారు ఈ విషయమును విడువరాదు.

మనము కోరవలసినది

"ఓర్వకల్లువంటి చిన్న విమానాశ్రయమునకు ఇంత ఆలోచన యేల? దూరమునుండియే నడుపవచ్చునుగదా!" అని కొందఱందురు. నడుపవచ్చును. స్వీడనులో ఎర్న్‌షెల్డ్‌స్విక్ విమానాశ్రయమును 2015నుండి దూరపు సుండ్స్‌వాల్ నగరమున కూర్చుండి కెమెరాల సాయమున నడుపసాగిరి. 2021లో లండన్ సిటీ విమానాశ్రయమును ఆ పద్ధతికే మార్చిరి. రేపు ఈ సలహా మన సీమకును రావచ్చును. మేము దానిని కాదనము. ఒక్క మనిషికి ఎన్ని విమానాశ్రయములను అప్పగింతురు, తీఁగ తెగిన దినమున ఇచ్చట ఎవరుందురు అను రెండు ప్రశ్నలకు ముందుగా వ్రాతమూలమైన జవాబు కావలెను. కర్నూలు–కడప కాలువ క్రింద సేద్యము చేయు మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు. దూరమునుండి మీట నొక్కి తూము తలుపు ఎత్తవచ్చును. గట్టు తెగిన రాత్రి ఇసుకబస్తా వేయుటకు గట్టుమీఁద మనిషి యుండవలెను.

కావున మేము నాలుగు సంగతులు కోరుచున్నాము. మొదటిది: యంత్రము చక్కఁగా నడచు దినమునకు ఎందఱు చాలుదురో లెక్కించి మనుష్యులను నియమింపరాదు, అది పాడైన దినమునకు ఎందఱు కావలెనో లెక్కించి నియమింపవలెను. రెండవది: యంత్రసాయము లేక పని నడుపు అభ్యాసమును ప్రతి నియంత్రకునకు క్రమముగా సిమ్యులేటరుమీఁద చేయింపవలెను, ఆ గంటలు వారి పనిగంటలలో చేరవలెను. పనిగంటలకు, విశ్రాంతికి హద్దు లేర్పఱుపవలెనని అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ 2020 నవంబరునుండి విధించినది. ఆ హద్దులకు సడలింపులు నిత్యకృత్యము కారాదు. మూఁడవది: యంత్రమును కొనుటకు ముందు దానితో పనిచేయఁబోవువారిని అడుగవలెను, కొన్న పిదప వారు వ్రాసిన ఫిర్యాదునకు గడువులోపల ప్రత్యుత్తరమీయవలెను. నాలుగవది స్వదేశీ. విమానరాకపోకల నియంత్రణవ్యవస్థలను మన దేశముననే నిర్మించుటకు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీయును భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థయును 2021 జూనులో ఒడంబడిక చేసికొనెను. దానిని తుదముట్టింపవలెను. ఢిల్లీలో యంత్రము ఆగిన రాత్రి దాని లోపలి గుట్టు తెలిసినవాఁడు మన యింటనే యుండుట ఎంత మేలో వేఱుగ వివరింపనక్కఱలేదు.

ఇందులకు ధనము కావలెనందురు. నిజమే. యంత్రముచే మిగిలిన ధనములో ఒక భాగమును ఆ యంత్రమును కాచు మనిషికి ఖర్చుపెట్టుఁడని మాత్రమే మనము అడుగుచున్నాము.

సోదరులారా! మీరీ సభనుండి పోయిన పిదప మీ శాసనసభ్యునకు, మీ పార్లమెంటు సభ్యునకు ఒక్కొక్క ఉత్తరము వ్రాయుఁడు. ఓర్వకల్లులో ఎందఱు నియంత్రకులున్నారు, ఎందఱుండవలెను, వారు ఎన్ని గంటలు పనిచేయుచున్నారు, యంత్రము ఆగిననాఁడు వారేమి చేయవలెనని వ్రాసిపెట్టినారు అని అడుగుఁడు. సమాధానము రాకున్నచో సమాచారహక్కు చట్టము 2005నుండి మన చేతిలోనే యున్నది. దరఖాస్తు వ్రాయుటకు మా స్వచ్ఛందసేవకులు సాయపడుదురు. అడుగని ప్రజలకు యంత్రమైనను ప్రభుత్వమైనను తనంత తాను లెక్క చెప్పదు.

వందేమాతరము.